ఆపి ఉంచిన చిన్న విమానానికి కంట్రోల్ లాక్: వేయడం, తీయడం

విమానాన్ని పక్కకు వాల్చే ఎయిలరాన్ (రెక్కల వెనక అంచున), ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ (తోక దగ్గర అడ్డంగా), పక్కలకు తిప్పే రడ్డర్ (తోక మీద నిలువుగా) మూడూ ముందు అంచున కీళ్ల మీద ఆడే పలకలే. విమానం ఆగి ఉన్నప్పుడు వాటిని కదలకుండా పట్టి ఉంచేదే కంట్రోల్ లాక్. ఎగిరేటప్పుడు గాలి కీలు వైపు నుంచి వచ్చి వెనక అంచు మీదుగా జారిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. నేల మీద ఆపాక గాలి ఎటు నుంచైనా వస్తుంది. తోక వైపు నుంచి వచ్చిందంటే ఆ పలకలు గాలివానలో గడియ వేయని తలుపుల్లా కొట్టుకోవడం మొదలుపెడతాయి. నిలకడగా వీచే గాలి నెట్టుడు కన్నా, పలక ఒక చివర నుంచి ఇంకో చివరకు ఊపుగా వెళ్లి స్టాప్‌కు (పలక కదలికకు హద్దుగా పెట్టిన అడ్డుకు) తగిలే దెబ్బే ఎక్కువ నష్టం చేస్తుంది. స్టాప్ వంగుతుంది, రివెట్లు వదులవుతాయి, బెల్‌క్రాంక్ (కేబుల్ లాగుడును పలక వైపు మళ్లించే మీట) పగులుతుంది. ఇవేవీ దూరం నుంచి కనపడవు.

గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 20 నాట్ల (గంటకు సుమారు 37 కిలోమీటర్ల) గాలి చదరపు మీటరుకు సుమారు 6.5 కిలోల ఒత్తిడి పెడితే, 40 నాట్ల దగ్గర అది 26 కిలోలు, 60 దగ్గర దాదాపు 60 కిలోలు. పొద్దున 10 నాట్ల గాలిలో లాక్ లేకుండా బాగానే ఉన్న విమానం సాయంత్రం కూడా అలాగే ఉంటుందనుకోవడానికి లేదు. గాలి అంటే వాతావరణమే కానక్కర్లేదు కూడా. ప్రశాంతంగా ఉన్న రోజున పక్క స్టాండ్‌లో జెట్ ఇంజిన్ పవర్ పెంచినా, హెలికాప్టర్ దగ్గర్లో దిగినా సరిపోతుంది. అందుకే అరగంట టీ కోసం వెళ్లినా లాక్ వేసే వెళ్లాలి.

ఇక్కడ ప్రధానంగా సెస్నా 172ను తీసుకుంటున్నాం. 152లో కూడా పద్ధతి దాదాపు ఇదే. మిగతా రకాల తేడాలు తర్వాత చెబుతాం. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఏదైనా వేరేగా ఉంటే దాన్నే పాటించాలి.

లాక్ ముట్టుకునే ముందు

విమానం ముక్కును బలమైన గాలి వచ్చే వైపుకు తిప్పి ఆపాలి. ఇప్పుడు వీస్తున్న గాలిని మాత్రమే చూస్తే పొరపాటు పడతారు. బేగంపేట, నాదర్‌గుల్ లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండ మండి, సాయంత్రానికి ఉరుముల మేఘం కట్టి గాలిదుమారం లేస్తుంది. ఆ దుమారం వచ్చే దిక్కుకూ, అంతకుముందు వీచిన పిల్లగాలి దిక్కుకూ సంబంధం ఉండదు. మేఘం ఎటు పక్క పెరుగుతోందో చూసి నిర్ణయించుకోవాలి. వాతావరణ శాఖ విమానాశ్రయాలకు ఇచ్చే ఏరోడ్రోమ్ వార్నింగ్‌లు ఆపి ఉన్న విమానాలను కూడా దృష్టిలో పెట్టుకుని ఇచ్చేవే. సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు అది వచ్చిందో లేదో అడగడం రెండు నిమిషాల పని.

ముక్కు చక్రం సూటిగా ఉండాలి. 172లో రడ్డర్ పెడళ్లు, ముక్కు చక్రం స్ప్రింగులతో కలిసి ఉంటాయి. చక్రం పక్కకు తిరిగి ఉంటే రడ్డర్ కూడా పక్కకే లాగి ఉంటుంది. అలా ఉన్నదాన్ని బయటి క్లాంప్‌తో (రడ్డర్‌ను బయటి నుంచి పట్టే బిగింపుతో) బలవంతంగా మధ్యలోకి తెచ్చి బిగిస్తే రాత్రంతా ఆ స్ప్రింగులు, కేబుళ్లు లాగుడు మీద ఉంటాయి. ఆఖరి అడుగు నేరుగా ముందుకు నెట్టి ఆపితే ఈ గొడవ ఉండదు. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) పూర్తిగా పైకి లేపాలి. చక్రాలకు ముందూ వెనకా చాక్స్ (అడ్డు దిమ్మలు) పెట్టి పార్కింగ్ బ్రేక్ వేయాలి. బ్రేకులు బాగా వేడెక్కి ఉంటే మాత్రం అవి చల్లబడేదాకా ఆగాలి.

లోపలి లాక్

సెస్నా ఇచ్చే కంట్రోల్ లాక్ వంచిన ఉక్కు కడ్డీ, దానికి అతికించిన రేకు జెండా. అంతకుమించి ఏమీ లేదు. వేసే వరుస ఇది:

1. మాస్టర్ (కరెంటు ప్రధాన స్విచ్) ఆఫ్, మాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి) ఆఫ్, తాళంచెవి బయటికి.
2. పైలట్ వైపు యోక్‌ను (విమానం నడిపే చేతి చక్రాన్ని) అడ్డంగా సమం చేయండి. వదిలేసిన ఎలివేటర్ తన బరువుకు కిందికి వాలి ఉంటుంది కాబట్టి యోక్ ప్యానెల్ వైపు లోపలికి పోయి ఉంటుంది. దాన్ని మెల్లగా మీ వైపు లాగుతూ, షాఫ్ట్ పైభాగంలోని రంధ్రం ప్యానెల్ మీది కాలర్ (షాఫ్ట్ చుట్టూ ఉండే కడియం) రంధ్రానికి ఎదురుగా వచ్చేదాకా తేవాలి.
3. కడ్డీని పైనుంచి రెండు రంధ్రాల్లోకీ దించండి. సుత్తి పని, బలప్రయోగం వద్దు. దిగకపోతే యోక్‌ను కొద్దిగా అటూ ఇటూ కదిపితే చాలు.
4. జెండా ఇగ్నిషన్ స్విచ్ మీదికి వచ్చి దాన్ని కప్పిందో లేదో చూడండి. కప్పకపోతే లాక్ సరిగ్గా పడలేదు, లేదా అది ఈ విమానం లాక్ కాదు.
5. యోక్‌ను తిప్పి, లాగి చూడండి. కడ్డీ కాలర్‌లోకి దిగకుండా షాఫ్ట్‌ను మాత్రమే పట్టుకుని ఉంటే ఇక్కడే బయటపడుతుంది.
6. దిగి బయటి నుంచి చూడండి. ఎయిలరాన్లు రెండూ రెక్క వెనక అంచుతో సమంగా ఉండాలి. ఎలివేటర్ వెనక అంచు కొద్దిగా కిందికి ఉండాలి.

ఎలివేటర్ సమంగా కాకుండా కొంచెం కిందికి ఉండటం లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. ముక్కు వైపు నుంచి గాలి వచ్చినప్పుడు కిందికి వంగిన ఎలివేటర్ తోకను పైకి ఎత్తబోతుంది, ముక్కు కిందికి నొక్కుకుంటుంది. రెక్క గాలిని తక్కువ కోణంలో ఎదుర్కొంటుంది, లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) తగ్గుతుంది. అంటే విమానం తాళ్లను తెంచుకుని లేవాలని చూడదు.

జెండా ఇగ్నిషన్ స్విచ్‌ను కప్పడమే ఈ లాక్‌లో అసలు తెలివి. దాన్ని తీయకుండా తాళంచెవి దూర్చలేరు, ఇంజిన్ స్టార్ట్ చేయలేరు. అందుకే అసలు లాక్ పోయినప్పుడు చేతికందిన మేకునో, బోల్టునో, స్క్రూడ్రైవర్‌నో ఆ రంధ్రంలో దూర్చడం దండగ పని కాదు, ప్రమాదకరమైన పని. మేకు గాలిని ఆపుతుంది, మనిషిని ఆపదు. దాని తల ప్యానెల్ రంగులో కలిసిపోతుంది, ఇంజిన్ హాయిగా స్టార్ట్ అవుతుంది, రన్‌వే మీద యోక్ లాగేదాకా తెలియదు. లాక్ పోతే పార్ట్స్ కేటలాగ్‌లో మీ సీరియల్ నంబరుకు సరిపోయేది తెప్పించుకోండి. 172లోనే పాత, కొత్త మోడళ్ల ప్యానెళ్లు వేరు. పక్క విమానం లాక్ రంధ్రంలోకి దిగినంత మాత్రాన జెండా సరైన చోటికి రావాలని లేదు.

రడ్డర్: అందరూ వదిలేసేది

యోక్‌లో వేసిన కడ్డీ ఎయిలరాన్లను, ఎలివేటర్‌ను పట్టుకుంటుంది. రడ్డర్‌ను పట్టుకోదు. ముక్కు చక్రం స్ప్రింగులు కొంత ఆపినా, పక్క నుంచో వెనక నుంచో గట్టి గాలి వస్తే అవి లొంగిపోతాయి. బలమైన గాలులు, ఈదురుగాలులు వచ్చే చోట ఫిన్ (రడ్డర్ ముందు నిలువుగా ఉండే కదలని భాగం), రడ్డర్ మీదుగా బయటి లాక్ కూడా వేయమని సెస్నా హ్యాండ్‌బుక్కే చెబుతుంది. తెలంగాణలో ఎండాకాలం సాయంత్రాలు, కోస్తాలో అక్టోబర్, నవంబర్ నెలలు ఆ లెక్కలోకే వస్తాయి.

దొరికితే తయారుగా ఉన్నదే కొనడం మేలు. చేయించుకోవాలంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీలు రెండు చాలు. ఫిన్ మీద సగం, రడ్డర్ మీద సగం ఆనేంత పొడవు, 7–8 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. లోపలి ముఖానికి దట్టమైన ఫోమ్ గానీ ఫెల్ట్ గానీ అతికించాలి. వెనక చివరలు రడ్డర్ వెనక అంచు దాటి బయటికి రావాలి. అక్కడ పొడవాటి బోల్టు, వింగ్ నట్‌తో రెండింటినీ కలపాలి. ముందు చివరలను ఫిన్ ముందు అంచు చుట్టూ తిప్పిన నవారు పట్టీతో బిగించాలి. బోల్టు విమానం రేకును ఎక్కడా తాకకూడదు.

పట్టీలను ఎక్కడ ఆనించాలన్నది ముఖ్యం. రడ్డర్ రేకు మందం అర మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. రేకు మధ్యలో నొక్కితే సొట్ట పడుతుంది. రివెట్ల వరుస కనిపించే చోట, అంటే లోపల రిబ్ (రేకుకు ఆధారంగా ఉండే పట్టీ) ఉన్న చోట ఆనించాలి. వెనక అంచును మాత్రం నలపకూడదు. చేత్తో కదిపితే రడ్డర్ కదలకుండా ఉంటే చాలు, అంతకుమించి బిగింపు అక్కర్లేదు. ఎక్కువ బిగించినందువల్ల వంగిన రడ్డర్లు ఉన్నాయి.

బయటి క్లాంప్‌ల గొప్ప ఏమిటంటే గాలి దెబ్బను పలక దగ్గరే ఆపేస్తాయి. యోక్ లాక్ మాత్రమే ఉంటే గాలి నెట్టుడంతా పుష్‌రాడ్, బెల్‌క్రాంక్, కేబుల్, పుల్లీలు దాటి ప్యానెల్ దాకా వస్తుంది. కేబుల్ కొద్దిగా సాగుతుంది కాబట్టి పలక లాక్ వేసినా కొంత ఆడుతూనే ఉంటుంది. తరచూ గట్టి గాలులు ఉండే చోట ఎయిలరాన్లకు కూడా బయటి క్లాంప్‌లు వాడతారు. ఎలివేటర్ దగ్గర ఒక చిక్కు ఉంది. యోక్ లాక్ దాన్ని కిందికి వంచి ఉంచితే, బయటి క్లాంప్ దాన్ని స్టెబిలైజర్‌తో (ఎలివేటర్ ముందుండే కదలని భాగంతో) సమంగా లాగబోతుంది. రెండూ కలిపి వేస్తే కేబుల్ రాత్రంతా వింటినారిలా బిగిసి ఉంటుంది. ఎలివేటర్‌కు రెండింటిలో ఒకటే వేయాలి.

ప్రతి బయటి లాక్‌కూ ఎర్రటి పొడవాటి రిబ్బన్ ఉండి తీరాలి. ‘రిమూవ్ బిఫోర్ ఫ్లైట్’ అని రాసిన చిన్న ముక్క సరిపోదు. తోక మీది రిబ్బన్ మనిషి కంటి ఎత్తుకు కిందికి వేలాడాలి. దాని కొసను తోక టై-డౌన్ తాడుకు (విమానాన్ని నేలకు కట్టే తాడుకు) ముడివేస్తే ఇంకా మంచిది. తాడు విప్పడానికి వచ్చినవాళ్లకు లాక్ చేతికి తగులుతుంది.

బయటి రడ్డర్ లాక్ ఉండగా టో బార్ (ముక్కు చక్రానికి తగిలించి లాగే కడ్డీ) వేసి విమానాన్ని తిప్పకూడదు. చక్రం తిరుగుతుంది, రడ్డర్ తిరగలేదు. మధ్యలో ఉన్న లింకేజీ బలవుతుంది. లాక్ తీసిన తర్వాత కూడా 172 ముక్కు చక్రాన్ని ఎటు పక్కకైనా 30 డిగ్రీలు మించి తిప్పకూడదు. తెల్లవారుజామున హ్యాంగర్ కుర్రాళ్లు హడావుడిగా విమానాలను వరుసలో పెట్టేటప్పుడు జరిగే నష్టం చాలావరకు ఇదే.

మిగతా రకాలు

పైపర్ పీఏ-28లో యోక్‌కు కడ్డీ లాక్ ఉండదు. సీట్ బెల్టును యోక్ గుండా తిప్పి బిగించమని హ్యాండ్‌బుక్ చెబుతుంది. నడుము బెల్టునే వాడాలి. భుజం బెల్టు రీలు మీద ఉంటే అది మెల్లగా సాగి వదులవుతుంది. బెల్టుకు ఉన్న పరిమితి తెలుసుకోండి. అది యోక్‌ను ముందుకు పోనివ్వదు గానీ, వెనక్కి రాకుండా ఆపలేదు. పూర్తిగా వెనక్కి లాగి కడితే కదలదు, కానీ స్టెబిలేటర్ (ఇందులో ఎలివేటర్ బదులు మొత్తంగా కదిలే తోక పలక) వెనక అంచు పైకి లేచి ఉంటుంది. ఎదురుగాలిలో అది తోకను నొక్కి ముక్కును లేపబోతుంది. మామూలు గాలులకు బెల్టు సరిపోతుంది. గాలి ఎక్కువుండే చోట యోక్ షాఫ్ట్‌ను ప్యానెల్ దగ్గర పట్టి ఉంచే లాక్‌లు విడిగా దొరుకుతాయి, అవి నయం. రడ్డర్‌ను ముక్కు చక్రం లింకేజీ పట్టి ఉంచుతుంది. పెనుగాలి వస్తుందంటే మాత్రం దాన్నీ విడిగా కట్టాలి.

డైమండ్ డీఏ40లో ఇచ్చే గస్ట్ లాక్ (కంట్రోల్ లాక్‌కే ఇంకో పేరు) వేరే రకం. పెడళ్లను పైలట్ వైపు దగ్గరికి తెచ్చుకుని, లాక్‌ను వాటికి తగిలించి, స్టిక్‌ను (యోక్ బదులు ఉండే నిలువు కర్రను) అందులో ఇరికించి పట్టీతో బిగించాలి. మూడు పలకలూ ఒకే దెబ్బకు ఆగిపోతాయి. ఈ విషయంలో సెస్నా కన్నా ఇదే మెరుగు.

తోక చక్రం విమానాల్లో, అంటే పైపర్ కబ్, సిటాబ్రియా లాంటివాటిలో, ఎలివేటర్ సంగతి తిరగబడుతుంది. వాటి ముక్కు ముందే పైకెత్తి ఉంటుంది, తోక లేస్తే ముక్కు మీద పడిపోయే ప్రమాదం. ముక్కు గాలికి ఎదురుగా ఉంటే స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగి బెల్టుతో కట్టాలి. గాలి వెనక నుంచి వచ్చేలా ఉంటే స్టిక్ పూర్తిగా ముందుకు ఉండాలి.

తాళ్ల గురించి క్లుప్తంగా: లాక్ ఎంత బాగా వేసినా తాళ్లు లేకపోతే విమానమే కదిలిపోతుంది. 172కు ఒక్కో తాడు కనీసం 700 పౌండ్లు, అంటే దాదాపు 320 కిలోల లాగుడుకు తట్టుకోవాలి. రెక్కల కింది రింగులు రెండింటికీ, తోక రింగుకూ, ముక్కుకూ కట్టాలి. రెక్క స్ట్రట్ మధ్యలో కట్టకూడదు. ఒక అంగుళం వదులు ఉంచాలి. నారతాడు తడిస్తే బిగుసుకుంటుంది, ఇంకొంచెం వదులు వదలాలి. ముడి బోలైన్‌గానీ, స్క్వేర్‌గానీ వేయాలి. జారుముడి పనికిరాదు. చివరగా పీటో ట్యూబ్ (గాలి వేగం కొలిచే గొట్టం) కవర్ తొడగాలి.

తుపాను సంగతి వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం టెర్మినల్ పైకప్పే దెబ్బతింది. అలాంటి గాలికి ఏ క్లాంప్, ఏ తాడూ జవాబు కాదు. హెచ్చరిక వచ్చిన రోజే విమానాన్ని దారిలో లేని ఊరికి ఎగరేసుకుని పోవాలి.

తీయడం

లాక్ వేయడం మరిస్తే రిపేరు ఖర్చు. తీయడం మరిస్తే ప్రాణాలే పోతాయి. 1935 అక్టోబర్ 30న అమెరికాలో రైట్ ఫీల్డ్ దగ్గర బోయింగ్ మోడల్ 299 బాంబర్ గస్ట్ లాక్ తీయకుండానే టేకాఫ్ అయి కూలింది. నడుపుతున్నవాళ్లు అనుభవం ఉన్న టెస్ట్ పైలట్లే. పైలట్లకు రాతపూర్వక చెక్‌లిస్టు అలవాటైంది ఆ ప్రమాదం తర్వాతే. 2014 మే 31న మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో గల్ఫ్‌స్ట్రీమ్-4 జెట్ అదే కారణంతో రన్‌వే దాటి పోయి ఏడుగురు చనిపోయారు. ఆ సిబ్బంది అంతకుముందు చేసిన 175 టేకాఫ్‌లలో 98 శాతం సార్లు కంట్రోళ్లను పూర్తిగా తనిఖీ చేయలేదని దర్యాప్తులో తేలింది. లాక్ వేసి ఉంటే థ్రాటిళ్లు (ఇంజిన్ పవర్ పెంచే మీటలు) ముందుకు పోకుండా ఆపాల్సిన ఏర్పాటు కూడా అనుకున్నట్టు పని చేయలేదు. యంత్రం ఆపుతుందిలే అనుకోవడానికి వీల్లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

172 ప్రీఫ్లైట్‌లో (ఎగిరేముందు చేసే తనిఖీలో) క్యాబిన్‌లోకి వెళ్లగానే కంట్రోల్ లాక్ తీయమని ఉంటుంది. అక్కడే తీయండి, ‘ఇంజిన్ స్టార్ట్ ముందు తీద్దాం’ అని వాయిదా వేయకండి. లాక్ తీయకుండా వాక్‌రౌండ్ (విమానం చుట్టూ తిరిగి చూడటం) చేస్తే ఎయిలరాన్లు, ఎలివేటర్ ఆడించి చూడలేరు, కీళ్లు పరీక్షించలేరు. తీసిన కడ్డీని డోర్ పాకెట్‌లో పెట్టండి. నేల మీద వదిలితే దొర్లి రడ్డర్ పెడళ్ల కిందికి పోతుంది.

బయటి లాక్‌లు, పీటో కవర్, ఇంటేక్ ప్లగ్‌లు అన్నిటికీ ఒకే సంచి ఉండాలి. సంచి మీద ఎన్ని వస్తువులో సంఖ్య రాయాలి. విమానం ఎక్కేముందు సంచిలో ఆ సంఖ్య లెక్క తేలాలి. ట్రైనింగ్ స్కూళ్లలో ఇది మరీ అవసరం. సాయంత్రం ఒకరు వేస్తారు, పొద్దున ఇంకొకరు తీస్తారు, ‘వాళ్లు తీశారనుకున్నా’ అన్న మాట అక్కడే పుడుతుంది. తీసే బాధ్యత ఎప్పుడూ ఎగరబోయే పైలట్‌దే.

టేకాఫ్‌కు ముందు ఆఖరి జల్లెడ ‘ఫ్రీ అండ్ కరెక్ట్’, అంటే పలకలు అడ్డు లేకుండా, సరైన వైపుకు కదులుతున్నాయా అన్న తనిఖీ. యోక్‌ను కొద్దిగా కదిపి సరే అనుకోవడం ఈ తనిఖీ కాదు. ఎడమ చివర దాకా, కుడి చివర దాకా, పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు తీసుకెళ్లి ప్రతిసారీ పలకల వైపు చూడాలి. యోక్ మీద చేతులు పెట్టి బొటనవేళ్లు పైకి నిలబెడితే, యోక్ తిప్పినప్పుడు బొటనవేళ్లు చూపించే వైపు ఎయిలరాన్ పైకి లేవాలి. 172లో రడ్డర్‌ను ఆగి ఉన్నప్పుడు చివరిదాకా తొక్కితే ముక్కు చక్రం లింకేజీ మీద భారం పడుతుంది. టాక్సీ చేస్తూ (నేల మీద నడుపుతూ) మలుపుల్లో చూసుకోవడం మంచిది.

గాలి వెలిసాక

రాత్రి గట్టి గాలి వీచిందని తెలిస్తే, లాక్‌లు వేసి ఉన్నా సరే మామూలు వాక్‌రౌండ్ చాలదు. లాక్‌లు అన్నీ తీసి, యోక్‌ను మధ్యలో పెట్టి, రెండు ఎయిలరాన్లూ సమంగా ఉన్నాయో చూడండి. ఒకటి దిగి ఉంటే పుష్‌రాడ్ వంగిందనో, బెల్‌క్రాంక్ జరిగిందనో అనుమానించాలి. ఒక్కో పలకను చేత్తో చివర నుంచి చివర దాకా మెల్లగా తిప్పండి. ఎక్కడైనా పట్టేసినట్టు, గరగరలాడినట్టు ఉంటే కేబుల్ పుల్లీ మీద నుంచి జారి ఉండొచ్చు. కీళ్ల చుట్టూ పెయింట్ పగిలిందా, రివెట్ల చుట్టూ నల్లటి చారలున్నాయా, వెనక అంచు వంకర పోయిందా, స్ప్లిట్ పిన్లు ఉన్న చోటే ఉన్నాయా, ఎలివేటర్ చివర బ్యాలెన్స్ బరువులు గట్టిగా ఉన్నాయా చూడాలి.

సెస్నా 150, 152లలో రడ్డర్ స్టాప్‌ను వంగి దగ్గరగా చూడండి. ఈ రకాల్లో రడ్డర్ తన హద్దు దాటి ఇరుక్కుపోయే అవకాశం ఉందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2009లో ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్ (తప్పనిసరి భద్రతా ఆదేశం) ఇచ్చింది. స్టాప్, బంపర్ మార్చాలి, లేదా స్పిన్లు (గిరగిరా తిరుగుతూ కిందికి దిగే విన్యాసాలు) చేయకూడదని ప్లకార్డు పెట్టాలి. స్టాప్ మీద కొత్తగా నొక్కు పడ్డ గుర్తు కనపడితే ఆ రోజు ఎగరడం మానేయండి.

క్లాంప్‌ల ఫోమ్‌ను కూడా చూసుకోవాలి. తడిసిన ఫోమ్ రేకుకు అతుక్కుని ఉంటే పెయింట్ కింద తుప్పు మొదలవుతుంది. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంకా తొందరగా మొదలవుతుంది. దుమ్ము పట్టిన ఫోమ్ గరుకు కాగితంలా పెయింట్‌ను గీకేస్తుంది. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే సంచిలో వేయండి. ఫోమ్ గట్టిపడితే పీకేసి కొత్తది అతికించాలి.

ఏ ఒక్క అనుమానం ఉన్నా టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) రాయండి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, ఏయే లాక్‌లు వేసి ఉన్నాయి, ఏ పలక ఎలా ఆడుతోంది అన్నవి రాస్తే ఇంజనీర్‌కు ఎక్కడ విప్పి చూడాలో తెలుస్తుంది. ‘కంట్రోల్స్ స్టిఫ్’ అని రెండు ముక్కల్లో వదిలేస్తే ఆయన మొత్తం విప్పుకోవాల్సి వస్తుంది.